మూరక్క కుట్టిన పరదా

ఏ బండి కనబడ్డా మూరక్క కుడిచెయ్యి దానంతటదే ముందుకు సాగేది. మోచేతి నుంచి మధ్యవేలి కొసదాకా ఒక మూర. అలా నాలుగైదు మూరలు కొలిచి, తలెత్తి బండి ఎత్తు కళ్ళతోనే అంచనా కట్టి, ఇంత గుడ్డ పడుతుందని చెప్పేసేది. ఎవరైనా పట్టుదలకు పోయి టేపు పెట్టి కొలిస్తే బెత్తెడు తేడా వచ్చేది కాదు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే తల తిప్పేది కాదు. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళకీ, గుడ్డ తెచ్చే లారీవాడికీ, వీధి చివర టీకొట్టాయనకీ ఆవిడ మూరక్కే.

మొదట్లో ఆవిడ కుట్టినవి దుకాణాల ముందు ఎండకి కట్టే గుడ్డలూ, సరుకు లారీల మీద కప్పే టార్పాలిన్లూ. రేకుల కప్పున్న పొడవాటి షెడ్డు, ఆరు తలుపుచెక్కలు కలిపి చేసిన కోత బల్ల, మందపాటి గుడ్డని కూడా వెన్నలా కుట్టే మూడు బరువైన మిషన్లు, మూల మైనం కరిగించే పొయ్యి. వెనక పెరట్లో ఒక ఇనప చట్రం ఉండేది. మిలటరీ లారీ వెనకభాగం ఎంతుంటుందో సరిగ్గా అంత. దాని మీద ఐదు ఇనప కమానులు వంచి బిగించారు. కుట్టిన ప్రతి కవరునీ ఆ చట్రం మీద తొడిగి, చుట్టూ మూడుసార్లు తిరిగి చూడందే మూరక్క బయటికి పంపేది కాదు.

రింగులు కొట్టడం, మిషన్లు బాగుచేయడం ఆవిడ భర్త పని. మాటకారి మనిషి. "మొదటిసారి నన్ను చూసినప్పుడు కూడా ఇది కొలతే తీసుకుని ఉంటుంది, అప్పటినుంచి ఊపిరాడకుండా బిగుతుగానే ఉంది" అని కొత్తగా వచ్చిన ప్రతి పనిమనిషికీ చెప్పేవాడు. పాతవాళ్ళు వంద సార్లు విన్నా నవ్వేవాళ్ళు. భర్త చెల్లెలు కూడా అక్కడే మిషను మీద కూర్చునేది. ఆ ఆడపడుచు నోట్లో నాలుక లేని మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

మిలటరీవాళ్ళ పని వచ్చిన కొత్తలో వాళ్ళ సామాను కవర్లతో ఒక తంటా ఉండేది. లారీ వెనక పరదాకీ పక్క గుడ్డలకీ అంచుల్లో ఇత్తడి రింగులుంటాయి. వాటిలోంచి తాడు పోనిచ్చి, బయటినుంచి బిగించి, కింద మూలలో జారుముడి వేస్తారు. కొస లాగితే ఊడిపోయే ముడి. రింగుకీ రింగుకీ మధ్య చెయ్యి దూరేంత సందు. ఆ సందుల్లోంచి దుమ్మూ వానజల్లూ లోపలికి కొట్టి సామాను పాడవుతోందని, ఈ సందులు మూసుకుపోయేలా కొత్త రకం కవరు చేయగలరా అని ఒక అధికారి డ్రాయింగు పట్టుకొచ్చాడు. పెద్ద పెద్ద కంపెనీలు మాకు చేతకాదన్నాయట.

చేతకాదు అన్న మాట మూరక్క చెవిన పడితే ఇక అంతే. నాలుగు రోజులు తిండీ తిప్పలూ మరిచిపోయింది. పాత వార్తాపత్రికలు గంజితో అతికించి నమూనాలు కోసింది, చించింది, మళ్ళీ కోసింది. ఐదో రోజుకి దారి దొరికింది. తాడు కట్టే చోట లోపలివైపు మూరెడు వెడల్పున ఇంకో వరస గుడ్డ వేసి, పైనా కిందా పక్కనా కుట్టేసింది. పరదా బిగించగానే ఆ లోపలి వరస సందులన్నిటినీ మూసేస్తుంది. చట్రం మీద తొడిగి, లోపల కాగితాలు పరిచి, నీళ్ళ గొట్టంతో అరగంట కొట్టించారు. పరదా విప్పి చూస్తే కాగితం ఒక్కటి తడవలేదు. అధికారి ఆ కాగితాలని వేళ్ళతో తడిమి తడిమి చూశాడు. ఆ రోజు మూరక్క కాళ్ళు నేల మీద నిలవలేదు.

అందరూ టీ తాగుతుండగా ఆడపడుచు నెమ్మదిగా అడిగింది. "వదినా, పాత కవర్లలో లోపల మనిషుంటే సందులోంచి చెయ్యి పెట్టి ముడి లాగేసుకునేవాళ్ళు కదా. మరి ఇందులో ఎలా?"

"ఇది సామాను కవరే తల్లీ" అంది మూరక్క గ్లాసు దించకుండానే. "సామానుకి చేతులుంటాయా?"

షెడ్డంతా గొల్లుమంది. భర్తకి టీ పొలమారి దగ్గు వచ్చింది. ఆడపడుచు కూడా నవ్వి, గ్లాసు కడగడానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏడేళ్ళలో రెండు వందలకి పైగా కవర్లు ఆ షెడ్డులోంచి బయటికి వెళ్ళాయి. ఎనిమిది మంది ఆడవాళ్ళకి నికరంగా పని దొరికింది. వర్షాకాలం వస్తే చాలు, ఎక్కడో కొండదారిలో ఆ లారీలు పోతుంటాయనీ లోపల చుక్క నీరు పడదనీ తలుచుకుని మూరక్క మురిసిపోయేది. గర్వం కాదు అనుకునేది గానీ, గర్వమే.

ఎనిమిదో ఏడు వానల్లో ఒక వార్త వచ్చింది. మిలటరీ లారీ ఒకటి కల్వర్టు మీద జారి వాగులో పడింది. వెనక ఉన్న ఆరుగురు చనిపోయారు, డ్రైవరు బతికాడు. మూరక్క ఆ వార్త చదివి అయ్యో పాపం అనుకుంది. ఆ లారీ మీదున్నది ఎవరు కుట్టిన కవరో అన్న ఊహ కూడా ఆవిడకి రాలేదు. సామాను లారీలో మనుషులెందుకుంటారు? మనుషుల లారీ దారిలో చెడిపోతే, వాళ్ళని సామాను లారీలోకి ఎక్కించి పంపారని తర్వాత తెలిసింది. అలా ఎక్కించకూడదని నిబంధన ఉంది. నిబంధనలకేం, కాగితం మీద బోలెడుంటాయి. వానలో తడుస్తూ రోడ్డు మీద నిలబడ్డవాళ్ళలో వాటిని ఎవరు చదువుతారు?

మూడు నెలలకి మరమ్మతు మూటలు వచ్చాయి. మిలటరీవాళ్ళు చిరిగినదాన్ని ఊరికే పారేయరు. చీటీ కట్టి పంపుతారు. ఆ మూటల్లో ఒకదాని చీటీ మీద మూడే ముక్కలు రాసున్నాయి: పక్క కోత అతకాలి, రింగు మార్చాలి, తాడు మార్చాలి.

మూట విప్పితే ఎండిన బురద పొరలు పొరలుగా రాలింది. మూలల్లో అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు కుట్లు చూసి తన చేతిపనేనని పోల్చుకుంది మూరక్క. బల్ల మీద పరిచింది. ఒక పక్కన బయటినుంచి కొడవలితో కోసిన పొడవాటి గాటు. వాగులో పడ్డ లారీ దగ్గరికి సాయానికి పరుగెత్తుకొచ్చినవాళ్ళు కోసింది అయ్యుంటుంది. పరదా అంచున తాడు కట్టు మాత్రం చెక్కుచెదరలేదు. కింద మూలలో ముడి నీళ్ళకి ఉబ్బి, ఎండి, గట్టిపడి ఉంది. చక్కటి జారుముడి. కొస బయటివైపు వేలాడుతోంది.

అప్పుడు పరదా తిరగేసింది. లోపలి వరస గుడ్డ మీద మైనం పూతలో గీతలు. నాలుగేసి గీతలు పక్కపక్కన, ఒక గుంపు మీద ఇంకో గుంపు. మొదట ఇనప సామానేదో రాసుకుందనుకుంది. తన వేళ్ళు ఆ గీతల మీద పెట్టి చూసుకుంది. వేలికి వేలు సరిగ్గా సరిపోయింది. ఒకచోట మాత్రం మూడే గీతలు, చూపుడువేలు ఉండాల్సినచోట ఖాళీ. కింద మూలలో కుట్టు తెగేదాకా తోశారు. అక్కడ రింగు బయటికి వంగి సగం ఊడింది. ఆ చిరుగులోంచి మూరక్క తన చెయ్యి పోనిచ్చింది. మణికట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. రెండో చేత్తో, అక్కడినుంచి ముడి కొసకి దూరం కొలిచింది. జానెడు మీద రెండు వేళ్ళు.

చెయ్యి వెనక్కి తీసుకుందామంటే రింగు అంచు పట్టుకుని రాలేదు. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో ఆవిడ నోటివెంట వచ్చిన కేకకి మూడు మిషన్లూ ఆగిపోయాయి.

"ఏమైందే?" అంటూ భర్త వచ్చాడు. ఆవిడ చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "చీటీలో రాసింది చెయ్యి. గాటు అతుకు, రింగు నేను కొడతాను, తాడు మార్చు. ఇంకొక్క మాట బయటికి రానీకు. మనం డ్రాయింగు ప్రకారమే కుట్టాం. అధికారులు చూసి సంతకం పెట్టారు."

"డ్రాయింగులో లోపలి వరస లేదు. అది నాది."

"వాళ్ళకి నచ్చింది కదా. ఇంకో నలభై కవర్లకి కాగితం బల్ల మీదుంది. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే ఆ ఎనిమిది మందీ ఏ గుమ్మం ఎక్కి పని అడగాలి?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మూరక్క చిరిగిన లోపలి వరసని జాగ్రత్తగా విప్పి, ముడి చెదరకుండా పాత తాడు కోసి, రెండూ ఒక రేకు డబ్బాలో పెట్టింది. పనిలో కూర్చుంది.

అప్పటినుంచి మొదలైంది. మైనం పట్టించిన గుడ్డ ఎండకి వేడెక్కి నీడకి చల్లబడేటప్పుడు టక్కు టక్కుమంటుంది. ముప్పై ఏళ్ళుగా వింటున్న చప్పుడే. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలకి మిషన్లు ఆగగానే, పెరట్లో చట్రం మీద ఆరబెట్టిన కవరు లోపలినుంచి ఎవరో కొడుతున్నట్టు వినపడేది. ఆరుసార్లు. ఆగి, మళ్ళీ ఆరుసార్లు. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది. లేచి వెళ్ళి పరదా ఎత్తి చూసేది. ఐదు కమానులు, వాటి నీడలు, వేడి మైనం వాసన. పరదా దించి రెండడుగులు వేసేసరికి మళ్ళీ చప్పుడు.

"గుడ్డ ఆరుతోందే" అనేవాడు భర్త.

"నాకు తెలీదా?" అనేది. తెలిసినా వెళ్ళి చూసేది.

చెవిలో జోరీగలా ఒకటే మాట తిరిగేది, తన గొంతుతోనే, టీ గ్లాసు వెనకనుంచి వచ్చినట్టు. సామానుకి చేతులుంటాయా. ఆ మాట అనకముందుకి వెళ్ళిపోగలిగితే ఎంత బాగుండు అనుకునేది. కుట్టేవాళ్ళు చేతితొడుగులు తీసి వరసగా కిటికీ ఊచలకి తగిలిస్తే చూడలేక అన్నీ తీసి గోతంలో కుక్కేసింది. ఇంట్లో గదుల తలుపులకి బయటినుంచి వేసే గడియలన్నీ ఒక ఆదివారం కూర్చుని స్క్రూలు విప్పేసింది. "దొంగలకి ఉత్తరం కూడా రాయకపోయావా" అని భర్త నవ్వబోయి, ఆవిడ మొహం చూసి, రాలిన స్క్రూలు ఏరాడు. తన చేతులు చూసుకోవాలంటే భయం వేసేది. సిగ్గు కూడా వేసేది. ఏడేళ్ళు తను మురిసిపోయిన ప్రతి వానకీ లెక్క చెప్పాల్సి వచ్చినట్టుండేది. మూడు గీతల మనిషి మరీ వెంటపడ్డాడు. ఎవరతను? ఆ వేలు ఎప్పుడు పోయింది? తక్కిన ఐదుగురికీ మొహాలు లేవు, ఇతనికి మాత్రం చెయ్యి ఉంది.

చీటీలో లేని పని ఒకటి చేసింది. ఆ మాటకొస్తే పెద్ద పనేమీ కాదు. కొత్త లోపలి వరసకి మోకాలి ఎత్తులో ఒక రింగు కొట్టించి, మూరెడు తాడు దాంట్లోంచి పోనిచ్చి, బయటి తాడు కొసకి కలిపింది. లోపలినుంచి లాగితే ముడి ఊడుతుంది, తోస్తే తాడు రింగుల్లోంచి జారి పరదా తెరుచుకుంటుంది. రింగు చుట్టూ తోలుముక్క కుడితే నీళ్ళు కూడా రావు. ఒక పూట పని. భర్త రింగు కొట్టాడు గానీ ఎందుకని అడగలేదు.

కవరు తీసుకెళ్ళడానికి జీపు వచ్చింది. ఒకడు స్టీరింగు దగ్గరే కూర్చున్నాడు. రెండోవాడు దిగి గుమ్మం బయటే నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. నుదుటి మీద వెంట్రుకల్లోకి పోతున్న కొత్త మచ్చ. లోపలికి రమ్మంటే ఇక్కడ బాగానే ఉందన్నాడు. భర్త రిజిస్టరు తెస్తే సంతకం పెట్టి, పెన్ను తిరిగివ్వడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట అడగొచ్చా?"

"అడుగు నాయనా" అంది మూరక్క.

"తాడు మార్చారు కదా. పాత తాడుకి ముడి ఉందా?"

మూరక్క నోరు తెరిచేలోగా భర్త అందుకున్నాడు. "చిరుగులు అతకడం వరకే మా పని బాబూ. ముడుల సంగతి మాకేం తెలుస్తుంది?"

అతను తల ఊపాడు. "ఆ బండి నేనే నడిపాను. పరదా కట్టింది కూడా నేనే. జల్లు కొడుతోంది, గట్టిగా కట్టన్నా అన్నారు లోపలున్నవాళ్ళు. పద్నాలుగేళ్ళుగా జారుముడే వేస్తున్నాను. ఆ రోజూ అదే వేశాననుకుంటున్నాను. కానీ తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పింది. కళ్ళు తెరిచేసరికి గట్టు మీదున్నాను. ముందు జరిగింది సరిగ్గా గుర్తు రాదు." అతను మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు పెన్నుని తిప్పుతూనే ఉన్నాయి. "విచారణలో ఏమన్నారంటే, జారుముడి అయితే ఎవరో ఒకరు సందులోంచి చెయ్యి పెట్టి లాగేవాళ్ళు కదా, లాగలేదంటే నువ్వు పీటముడి వేసుంటావు అన్నారు. మూట కట్టేసిన కవరు విప్పి ఎవరూ చూడలేదు. అదీ నిజమే కదమ్మా. రోజూ ఒక తాడు ముక్క పట్టుకుని, కళ్ళు మూసుకుని ముడి వేసి చూస్తుంటాను. ఒకసారి ఇదొస్తుంది, ఒకసారి అదొస్తుంది. చేతికి కూడా గుర్తు లేదు. వచ్చేవారం ఆఖరి విచారణ. వాళ్ళేం రాసినా ఒప్పుకునేదే. తెలిస్తే చాలనిపించింది, అంతే."

"మాకు తెలీదు బాబూ" అన్నాడు భర్త మళ్ళీ.

డ్రైవరు పెన్ను రిజిస్టరు మీద పెట్టి వెనక్కి తిరిగాడు. చట్రం మీది కవరు విప్పి జీపులో వేసి, అతను నాలుగడుగులు వేసి ఎక్కితే అంతా సర్దుకుపోతుంది. నలభై కవర్లూ వస్తాయి, ఎనిమిది మందికీ పని ఉంటుంది. ఆ మనిషి మాత్రం బతికినన్నాళ్ళూ కళ్ళు మూసుకుని ముడులు వేసుకుంటూ ఉంటాడు. మూరక్కకి అతని వీపు కనపడుతోంది.

"ఆగు నాయనా" అంది.

రేకు డబ్బా తెచ్చి గుమ్మం మీదే కూర్చుని మూత తీసింది. ముడి బయటికి తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నాదే" అన్నాడు. "కొస ఎడమకి వదులుతాను నేను." తర్వాత కొస వెంట వేలు పోనిచ్చి, "జారుముడే ఇది" అన్నాడు.

"జారుముడే."

"మరి ఎందుకు లాగలేకపోయారు?"

మూరక్క లోపలి వరస గుడ్డని మోకాళ్ళ మీద పరిచింది. "పాత కవర్లలో సందులుండేవి. నేను మూసేశాను. దుమ్ము రాకూడదని, నీళ్ళు రాకూడదని. లోపలినుంచి ఎలా విప్పుకుంటారని మా ఆడపడుచు ఆ రోజే అడిగింది. నేను ఎగతాళి చేశాను. నీ ముడి సరైనదే నాయనా. తప్పు నాది." గీతలు చూపించింది. చిరుగు చూపించింది. జానెడు మీద రెండు వేళ్ళు కొలిచి చూపించింది. ఒక్క ముక్క కూడా దాచలేదు. మూడు గీతల దగ్గర ఆగి, "ఇక్కడ ఒక వేలు లేదు" అంది.

డ్రైవరు ఒంగి చూశాడు. "వంటవాడు" అన్నాడు. "చిన్నప్పుడే చెరుకు మిషన్లో పోయిందట వాడి వేలు. ఉప్పు ఎక్కువైందంటే, తక్కువైన వేలితో వేశానన్నా అనేవాడు."

అతను తిడతాడేమో, కొడతాడేమో అని ఎదురుచూసింది మూరక్క. తిడితే బాగుండునని కూడా అనుకుంది. అతను మాత్రం ఆ గీతల మీద అరచెయ్యి ఆనించి గుమ్మం ముందు కూర్చుండిపోయాడు. చివరికి, "ఇది కాగితం మీద రాసిస్తారా అమ్మా?" అన్నాడు.

భర్త లోపలికి వెళ్ళిపోయాడు. కోపమొచ్చి వెళ్ళాడనుకున్నారు అందరూ. తెల్ల కాగితం తీసుకుని వచ్చి, కింద పెట్టుకోవడానికి కోత అట్ట కూడా తెచ్చి, భార్య పక్కన కూర్చున్నాడు. ఆవిడ రాసింది. ఆవిడకి రాత అంత బాగా రాదు, పదకొండు వాక్యాలకి అరగంట పట్టింది. సంతకం పెట్టాక ఆడపడుచు మిషను దగ్గరనుంచి లేచొచ్చింది.

"నేనూ పెడతాను వదినా."

"నువ్వెందుకు? అడిగింది నువ్వే కదా."

"అడిగి, నవ్వేసి ఊరుకున్నాను" అంది ఆడపడుచు.

ఆ కాగితం వల్ల ఏం జరిగిందో ఇప్పుడే చెప్పేస్తే మంచిది. డ్రైవరు మీద మోపిన తప్పు కొట్టేశారు. అతను ఉద్యోగంలో ఉన్నాడు గానీ బండి మళ్ళీ నడపలేదు, స్టోర్సులో పనికి పెట్టుకున్నారు. నలభై కవర్ల పని ఆగిపోయింది. తర్వాత లోపలి తాడుతో సహా కొత్త డ్రాయింగు తయారై, ఇంకెవరికో వెళ్ళింది. పాత కవర్లన్నిటికీ తాడు పెట్టమని ఆదేశాలు పోయాయి. మూరక్క షెడ్డులో మళ్ళీ దుకాణాల గుడ్డలే కుట్టారు, ఎనిమిది మందిలో ఐదుగురు వేరే పని వెతుక్కున్నారు. వాళ్ళలో ఒకావిడ ఇప్పటికీ మూరక్క ఎదురుపడితే వీధి దాటి అవతలికి పోతుంది. ఆ చప్పుడు పూర్తిగా పోలేదు. అది పోవాలని మూరక్క ఎవరినీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక కూడా డ్రైవరు కదల్లేదు. "ఇప్పుడిది ఎలా ఉంది?" అన్నాడు, పెరట్లో చట్రం మీదున్న కవరుకేసి చూస్తూ. "చూడొచ్చా?"

అప్పటిదాకా గుమ్మం దాటని మనిషి షెడ్డు మధ్యలోంచి నడిచి పెరట్లోకి వెళ్ళాడు. చట్రం ఎక్కి, వెనక అంచున, మనుషులు కూర్చునే చోట మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"కట్టండి" అన్నాడు.

"వద్దు బాబూ" అన్నాడు భర్త.

"కట్టండమ్మా. ఆ రోజు నేను కట్టినట్టే."

మూరక్క పరదా దించింది. ఒక్కొక్క రింగులోంచీ తాడు పోనిచ్చి బిగించింది. అతని మొహం సగమై, పావై, కనపడకుండా పోయింది. కింద మూలలో జారుముడి వేసి, లోపలి తాడు కలిపిన కొసని ఎడమకి వదిలింది. ముడికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

లోపలినుంచి చప్పుడు లేదు. పిలుపు లేదు. ఎండ చట్రం మీద నిటారుగా పడుతోంది. ఆడవాళ్ళు ఎనిమిది మందీ పెరటి గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. ఎంతసేపటికీ పరదా కదలకపోయేసరికి ఆడపడుచు ముడి కొసకి చెయ్యి చాచింది. మూరక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. గుడ్డకి నోరు దగ్గరగా పెట్టి, మామూలు గొంతుతో చెప్పింది.

"నీ కుడిచేతి పక్కన, మోకాలి ఎత్తులో తాడు ఉంటుంది నాయనా. లాగు."

ఏదో తడుముతున్న అలికిడి. రింగులో తాడు జారిన చిన్న చప్పుడు. ముడి ఊడింది. లోపలినుంచి అరచెయ్యి ఆనించి తోస్తే తాడు పైదాకా వదులై, పరదా ఒక పక్కకి జారి పడింది.

అతను అలాగే కూర్చుని ఉన్నాడు. వెలుతురికి కళ్ళు చికిలించుకుంటూ, చేతిలో మిగిలిన తాడు ముక్కకేసి చూస్తున్నాడు. దాన్ని తిరగేసి కూడా చూశాడు, ఇంకేమైనా ఉందేమో అన్నట్టు.

"ఇంతేనా అమ్మా?" అన్నాడు.

"ఇంతే నాయనా" అంది మూరక్క.